ఏటికెదురుగా కుడిచెయ్యి

మ్యాపులో గట్టు తప్పు పెట్టావని ఎవరైనా అంటే నా పుట్టుకనే అనుమానించినట్టు ఉంటుంది నాకు. మా నాన్న సాగర్ కుడి కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి గండి పడకుండా కాపలా కాయడం ఆయన పని. అక్షరాల కంటే ముందు ఆయన నాకు నేర్పింది గట్ల సంగతి. నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి నిలబడాలి. కుడిచేతి వైపుది కుడి గట్టు, ఎడమచేతి వైపుది ఎడమ గట్టు. ఏ దేశంలో ఏ ఏరైనా ఇంతేనమ్మా అనేవాడు. ఆ చదువుతోనే కెనడాలో, బర్నబీలో మ్యాపులు తయారుచేసే ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక్క గట్టు తప్పు పెట్టలేదు.

మా ఆయనది నల్లగొండ వైపు, ఎడమ కాలువ కింది ఊరు. "మీ కుడి గట్టోళ్లకు పొగరెక్కువనే" అని ఇప్పటికీ నెలకోసారైనా అంటాడు. నిజమే, ఉంది. అది ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మూడేళ్ల కింద మా ఎదురు ఫ్లాట్‌లోకి ఇండోనేషియా ఆవిడ ఒకతె వచ్చింది. వృద్ధుల హోంలో కేర్ ఎయిడ్‌గా చేస్తుంది. నలభై ఏళ్లుంటాయి, ఒంటరిగా ఉంటుంది. దిగిన రోజున సామాన్లు మోసి అలిసిపోయి ఉందని రెండు దోశలు పట్టుకెళ్లాను. పేరు చెప్పగానే పడీ పడీ నవ్వింది. వాళ్ల భాషలో దోసా అంటే పాపమట. "వచ్చిన రోజే రెండు పాపాలు తినిపించావు" అంది. ఆ రోజు నుంచి నన్ను 'కాక్' అని పిలుస్తుంది, అంటే అక్క అని.

"నిన్ను కాక అంటదేందే? మా ఊళ్ల కాక అంటే మీసాలున్నోడు" అన్నాడు మా ఆయన.

ఆవిడ ఊరు కాలిమంతాన్ అడవిలో, గోధుమరంగు నీళ్లున్న పెద్ద ఏటి ఒడ్డున ఉంది. ఇళ్లన్నీ ఎత్తైన కర్రల మీద వరసగా నిలబడి నీళ్ల వైపే చూస్తుంటాయి. ప్రతి ఇంటి ముందూ నీళ్ల మీద ఒక తెప్ప కట్టి ఉంటుంది. స్నానం, బట్టలు, చేపలు కడగడం, పక్కింటి వాళ్ల మీద చాడీలు, అన్నీ ఆ తెప్ప మీదే. వానాకాలంలో నీళ్లు ఇంటి నేల కిందికి వచ్చేస్తే కిటికీలోంచి గాలం వేస్తారట. ఆవిడ చెబుతుంటే నాకు అసూయ పుట్టింది. కిటికీ తెరిస్తే నాకు కనిపించేది పార్కింగు.

ఊళ్లో బడి ఆరో తరగతి దాకానే ఉంది. ఆ పైన చదవాలంటే పడవలో నాలుగు గంటలు ప్రయాణం చేసి పట్నం చేరాలి. ఈవిడ పన్నెండేళ్లకే పట్నంలో మేనత్త ఇంటికి వెళ్లిపోయింది, తర్వాత సింగపూరు, తర్వాత ఇక్కడ. ఊళ్లో మిగిలినవాళ్లకి కాస్త వరి, కాస్త రబ్బరు, చేపలు, అన్నిటికంటే ముఖ్యంగా పేము. మన ఇళ్లలో పేము కుర్చీలుండేవి చూడండి, ఆ పేమే. వరి కోసిన చేలో పేము మొక్కలు నాటి, అడవిని మళ్లీ పెరగనిస్తారు. చెట్లు పట్టుకుని పేము పైకి పాకుతుంది. ఏడెనిమిదేళ్లకి కోతకొస్తుంది. దాంతో చాపలు, బుట్టలు అల్లుతారు. ఈవిడ అమ్మ, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, ఊరి ఆడవాళ్లందరినీ కూడగట్టి అల్లికల సంఘం పెట్టింది. పట్నంలో నేరుగా కొనేవాళ్లు దొరికారు. బయటికి వెళ్లిన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ పని కోసమే తిరిగి ఊరొచ్చారట. చెప్పేటప్పుడు ఈవిడ ముఖం వెలిగిపోయేది.

కిందటి వేసవిలో ఒక సాయంత్రం ఆ ముఖం వాడిపోయి వచ్చింది. పామాయిల్ తోటలు వేసే కంపెనీ ఒకటి ఆ ఊరి ఎగువనున్న అడవి కావాలని అడిగింది. జిల్లా ఆఫీసు మ్యాపులో అక్కడ ఖాళీ భూమి అని ఉంది. పైనుంచి చూస్తే పేము తోట అడవిలాగే ఉంటుంది మరి, గట్లూ కంచెలూ ఉండవు. నలభై ఒక్క కుటుంబాల తోటలు ఆ 'ఖాళీ'లో ఉన్నాయి. ఎవరి తోట ఎక్కడుందో మ్యాపు గీసి ఇవ్వండి, మా అధికారి వచ్చి చూస్తాడు, సరిపోతే తోటలు వదిలేస్తాం, లేకపోతే లేదు అన్నారు జిల్లా ఆఫీసు వాళ్లు. గడువు మూడు వారాలు.

"తోటలు పోతే మా అమ్మ ఆ కంపెనీలోనే కూలికి గడ్డి పీకాలి కాక్" అంది, నా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, కళ్లు తుడుచుకోకుండానే.

నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు, మండింది. "ఏడవకు. ఇంట్లో మ్యాపులు చేసేదాన్ని పెట్టుకుని ఏడుస్తావేం?" అన్నాను.

ఆ మూడు వారాలు మా ఇంట్లో వంట మా ఆయనదే. రోజూ సాయంత్రం ఆవిడ డ్యూటీ దిగి వచ్చేది. ఊళ్లో బడి మెట్ల దగ్గర మాత్రమే సిగ్నల్ ఉంటుంది కాబట్టి, ఒక్కొక్క కుటుంబం ఆ మెట్ల మీద కూర్చుని వాయిస్ మెసేజ్ పంపేది. ఊరి రేవు నుంచి ఎగువకి రెండో మలుపు, కుడి వైపు, పెద్ద దూరియన్ చెట్టు నుంచి వాగు దాకా మాది అని. వెనక కోళ్ల అరుపులు, పిల్లల కేకలు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది, నేను శాటిలైట్ బొమ్మ మీద గీసేదాన్ని.

కుడి వైపు అని చెప్పిన ప్రతిసారీ వాళ్లు 'కానన్ ముదిక్' అనేవాళ్లు. కానన్ అంటే కుడి. ముదిక్ అంటే ఏమిటని మొదటి రోజే అడిగాను. "ఇంటికి వెళ్లడం" అందావిడ. "సెలవులిస్తే సిటీ వాళ్లందరూ ఊరికి వెళ్తారు కదా, దాన్నే ముదిక్ అంటాం. ఇంటికి వెళ్లేటప్పుడు కుడి వైపు అని."

బాగుంది అనుకున్నాను. తోటలన్నీ ఊరికి ఎగువన ఉన్నాయి. తోట నుంచి ఇంటికి రావడమంటే నీళ్లు పోయే వైపు రావడం. అంటే మా నాన్న లెక్కే! "చూశావా, మా నాన్న చెప్పిందే మీ ఊరు కూడా చెబుతోంది" అని మురిసిపోయాను. నలభై ఒక్క తోటలకి రంగులు వేశాను, పేర్లు రాశాను. మ్యాపు ఎంత అందంగా వచ్చిందంటే, మా ఆయన కూడా గరిటె పట్టుకుని వచ్చి చూసి "మంచిగున్నది" అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మాట రాదు.

అధికారి సోమవారం పొద్దున వస్తాడు. శుక్రవారం సాయంత్రం మేం వీడియో కాల్ చేశాం. అక్కడ శనివారం ఉదయం. పట్నంలో ప్రింటు తీయించిన మ్యాపుని బడి మెట్ల మీద పరిచారు. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. మెచ్చుకుంటుందని నేను జుట్టు సరిచేసుకుని కూర్చున్నాను. ఆవిడ తలెత్తి ఏదో అంది. మెట్ల మీదున్న వాళ్లంతా గొల్లున నవ్వారు.

"ఏమంది?"

మా ఎదురింటావిడ ముఖం పాలిపోయింది. "మా తోటల్ని శ్మశానంలో పెట్టిందెవరు అంటోంది."

ఊరి శ్మశానం ఏటికి అవతలి గట్టున ఉందట. నలభై ఒక్క తోటల్లో కుడివన్నీ ఎడమకి, ఎడమవన్నీ కుడికి పోయాయి.

నేను ఒప్పుకున్నానా? లేదు. "నేను కాలువ గట్టు మీద పుట్టినదాన్ని, గట్టు తప్పు పెట్టను. మీ అమ్మకి మ్యాపు తలకిందులుగా ఇచ్చి ఉంటారు, తిప్పి చూడమను" అన్నాను. తిప్పి చూసింది. శ్మశానం శ్మశానంలానే ఉంది. అయినా తగ్గలేదు. "మీవాళ్లే కదా కానన్ ముదిక్ అన్నారు, ఇంటికొచ్చేటప్పుడు కుడి" అని గట్టిగానే అరిచాను. ఫోన్లో ముదిక్ అన్న ముక్క వినబడింది పెద్దావిడకి. కూతుర్ని ఏదో అడిగింది. కూతురు జవాబు చెప్పింది. పెద్దావిడ నవ్వడం మానేసింది. లేచి, ఫోను ఏటి వైపు తిప్పి, చేత్తో నీళ్లని ఎదురు తోస్తున్నట్టు చూపించింది.

ముదిక్ అంటే ఏటికి ఎదురు వెళ్లడం. పాత మాట, ఊరి మాట. లోపలి ఊళ్లన్నీ ఎగువనే ఉంటాయి కాబట్టి, పట్నం వాళ్ల నోట్లో అది క్రమంగా ఇంటికి వెళ్లడం అయిపోయింది. పన్నెండేళ్లకి ఊరు వదిలిన పిల్ల పట్నం అర్థమే పట్టుకుంది. తోటకి వెళ్లేటప్పుడు, పడవలో ఎగువకి ముఖం పెట్టి కూర్చుంటే కుడి. మా నాన్న లెక్కకి సరిగ్గా వ్యతిరేకం.

"ఏమంటోంది మీ అమ్మ?" అని మెల్లగా అడిగాను.

"నీకు ఏరు వెనక్కి పారుతోందా అంటోంది" అని చేతుల్లో ముఖం దాచుకుంది. "నా ఏటి మాట నేనే మర్చిపోయాను కాక్. మర్చిపోయి, మా అమ్మ తోటని నేనే పోగొట్టేదాన్ని."

అప్పుడు నాకు సిగ్గేసింది. ఆమె మర్చిపోయింది, సరే. నేను రెండోసారి అడగనన్నా అడగలేదే! నా లెక్కకి సరిపోయింది కాబట్టి సంబరపడి ఊరుకున్నాను. సరిపోకపోతే పదిసార్లు అడిగి ఉండేదాన్ని. ఆమె వీపు నిమిరి "తప్పు సగం నాది, సగం నీది. లే, పని చూద్దాం" అన్నాను.

మా ఆయన వంటింట్లోంచే "కుడి గట్టోళ్లకు ఎడమ గట్టు గూడ ఉంటదని ఇయ్యాల తెలిసిందా?" అన్నాడు. చెంచా విసిరాను. తగల్లేదు.

శనివారమంతా కూర్చుని తిరగగీశాం. ఈసారి కుడి, ఎడమ అనే మాటలే వద్దన్నాను. అక్కడి వాళ్లు కూడా నిద్ర మానుకుని మెట్ల దగ్గరే ఉన్నారు. ప్రతి తోట గీసి వాళ్లకి చూపించి, పడవలో వెళ్తే శ్మశానం వైపు దిగుతారా, ఊరి వైపు దిగుతారా అని అడిగాం. ఆ తోట వాళ్లు ఔనన్నాకే రంగు వేశాను. ఆఖరి తోట పెద్దావిడది. "ఆ వాగు పక్కన ఇంకొంచెం వంపు తిప్పు" అని పోరింది. తిప్పాను. ఆవిడకి తృప్తి కలగడానికి నాలుగుసార్లు తిప్పాను. ఫైలు వెళ్లగానే ఎవరో పడవేసుకుని ప్రింటు కోసం పట్నానికి బయల్దేరారు.

ఆదివారం సాయంత్రం ఆరు. అక్కడ సోమవారం ఉదయం ఎనిమిది. ఫోను పంచదార డబ్బాకి ఆనించి ఇద్దరం కూర్చున్నాం. అధికారి వచ్చాడు, మ్యాపు చూశాడు, ఏ మొహమూ పెట్టలేదు. పెన్నుతో అయిదు చోట్ల టిక్కు పెట్టి, ఇక్కడికి తీసుకెళ్లండి అన్నాడు. పెద్దావిడ కూడా పడవెక్కింది. పడవ మలుపు తిరిగాక సిగ్నల్ లేదు. మెట్ల దగ్గర మిగిలిన ఆడవాళ్లు, ఇక్కడ మేం, ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. అంతసేపు మా ఎదురింటావిడ నా చెయ్యి వదల్లేదు. బయట ఇంకా ఎండ ఉంది. పక్క బాల్కనీలో ఎవరో మాంసం కాలుస్తున్నారు. నాకు చెమటలు పడుతున్నాయి.

రెండున్నర గంటల తర్వాత పడవ శబ్దం వినబడింది. పెద్దావిడ పడవ ముందు భాగంలో లేచి నిలబడి ఉంది. ఒడ్డు చేరకముందే అయిదు వేళ్లూ పైకెత్తింది.

అయిదు చోట్లా పేమే! టిక్కు పెట్టిన చోటల్లా మ్యాపులో పేరున్న మనిషి ముందు నడిచి, తన తోటలోకి అధికారిని తీసుకెళ్లాడు. ఆయన తన ఆఫీసు మ్యాపు తీసి, బడి మెట్ల మీదే, అందరి ముందూ, ఖాళీ భూమి అన్న మాట కొట్టేసి సంతకం పెట్టాడు. కంపెనీ గీత తోటల అవతలికి పోయింది. మెట్ల మీద కేకలు, ఏడుపులు, ఎవరో పళ్లెం వాయిస్తున్నారు. మేమిద్దరం లేచి గంతులేస్తుంటే కింది ఫ్లాట్ వాళ్లు పైకప్పుని కర్రతో పొడిచారు. పొడవనీ అనుకున్నాం.

ఆ గోలలో అధికారి అడిగాడట, ఇంత మంచి మ్యాపు ఎవరు చేశారని. నేను ఫోనుకి దగ్గరగా జరిగాను. దాచడమెందుకు, నా పేరు వస్తుందనే. పెద్దావిడ తల ఎగరేసి జవాబు చెప్పింది.

"ఏమంది?"

"వీ మేడ్ ఇట్ అంది."

మనసు చివుక్కుమంది. ఊళ్లో వాళ్లు చేసుకున్నారట! మూడు వారాలు కళ్లు పోయేలా గీసింది నేను. అంతలోనే, అది న్యాయమే అని కూడా అనిపించింది. తోటలు వాళ్లవి, గట్టు సరిదిద్దింది వాళ్లు. అయినా చివుక్కుమంది.

అధికారి వెళ్లాక పెద్దావిడ ఫోను చేతిలోకి తీసుకుంది. తెరంతా ఆవిడ ముఖమే, తడిసిన జుట్టు, ఊడిన పన్ను. కూతురు వైపు కాదు, నా వైపు చూసి ఒక మాట అంది.

"వీ వన్ అంటోంది" అంది కూతురు.

"మళ్లీ ఆ వీ యేనా?" అన్నాను, అక్కసు దాచుకోలేక.

ఆమె నన్ను అయోమయంగా చూసింది. తర్వాత అర్థమైనట్టుంది. "కాదు కాక్, వేరే మాట. ఇంగ్లీషులో రెండూ ఒకటే. అధికారితో 'కామి' అంది. అంటే మేము, నువ్వు కాదు అని. ఎదుటి మనిషిని బయట పెట్టి చెప్పే మాట. ఇప్పుడు నీతో 'కితా' అంది. అందులో నువ్వు కూడా..."

"నాకు తెలుసు" అన్నాను. ఇంక ఆమెని చెప్పనివ్వలేదు. ఫోను లాక్కుని, ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదని తెలిసీ, తెలుగులోనే అరిచాను.

"అవునమ్మా, మనం గెలిచాం!"