చున్నీ దులిపిన శనివారం

నల్లపాడు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో మహిమంత మాటల పిసినారి ఇంకొకతె లేదు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి కాయల రాశి ముందు కూర్చున్న ఆ పిల్ల, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీషుకు వెళుతోందని తెలిసి అందరూ నవ్వారు.

"తెలుగే పెగలదు కదే నీకు!"

నిజమే మరి. క్లాసులో పాఠం చెప్పే రచన మేడం ఫోన్లో ఇంగ్లీషు సంభాషణ వినిపిస్తే మహిమకు చక్కగా అర్థమయ్యేది. చదవమంటే చదివేది, పక్కనే కూర్చునే సైమాకు కూడా వినపడకుండా. చర్చ మొదలవగానే మాత్రం బల్ల మీది గీతలను మహా శ్రద్ధగా పరిశీలించేది.

చివరికి మేడం తేల్చేసింది. "శనివారం చర్చలో నోరు తెరవకపోతే సోమవారం నుంచి చిన్నపిల్లల బ్యాచే నీకు."

ఆ బ్యాచ్‌లో ఆరో తరగతి చదివే చెల్లెలు శిల్ప ఉంది. "నా పక్కన చోటు పట్టి ఉంచుతాలే అక్కా, హోంవర్కు కూడా చూపిస్తా," అని భరోసా ఇచ్చింది. మహిమకు అన్నం సహించలేదు.

శనివారం పని ఆలస్యమైంది. ముక్కుకూ నోటికీ కట్టిన చున్నీని గేటు దగ్గర గాలివాటు చూసి మిరప దుమ్ము పోయేలా దులుపుకోకుండా అక్కడ ఎవరూ ఇంటికి పోరు. హడావుడిలో మహిమ దాన్ని మెడలో వేసుకుని తిన్నగా క్లాసుకు పరుగెత్తింది.

పల్లె మంచిదా, పట్నం మంచిదా అని చర్చ. తన వంతు దగ్గరపడేకొద్దీ మహిమ చేతులు ఊరుకోలేదు. అలవాటుగా చున్నీ తీసి, ఫ్యాన్ కిందే ఫట్‌మని దులిపింది.

ముందు సైమా తుమ్మింది. తర్వాత పల్లెవాళ్లూ పట్నంవాళ్లూ ఏకమై దగ్గారు.

"అమ్మో, నా కళ్లు!" అంటూ మేడం కళ్లు నలుపుకోబోయింది.

మహిమ చున్నీ మూతికి బిగించింది. పని దగ్గరి ముసుగు పడగానే గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో!

"మేడం, డోంట్ టచ్! ఫ్యాన్ ఆఫ్! సైమా, ఓపెన్ ద విండో! ఎవ్రీబడీ కమ్, వాటర్ హియర్!"

అందరూ ముఖాలు కడుక్కుని తేరుకున్నాక, మేడం ఎర్రటి కళ్లతో ఆమె వైపు చూసింది.

"అడిగిన దాని మీద ఒక్క ముక్క మాట్లాడలేదు నువ్వు."

మహిమకు శిల్ప పక్కన చోటు కళ్ల ముందు కదిలింది.

"అయినా నిన్ను ఆ పిల్లల్లోకి పంపితే వాళ్ల తల్లులు నా మీద పడతారు. ఈ బ్యాచ్‌లోనే ఏడువు! సోమవారం స్నానం చేసి రా. ఇప్పుడు ఆ చున్నీ తీసి, పల్లె గురించి ఒక్క వాక్యం చెప్పు."

మహిమ చున్నీ తీసింది. దాంతోపాటే ఇంగ్లీషూ పోయింది. చుట్టూ చూసి, మళ్లీ కట్టుకుంది.

"విలేజ్ ఈజ్ గుడ్, మేడం," అంది లోపలి నుంచి.

అందరికీ వినపడింది.