వాసన లేని పొడి

అనంతమ్మ గద్వాలలో పోగును అటూ ఇటూ నడిపే నాడెలు మూడున్న మగ్గం మీద చీరలు నేసేది. పనిలో ఎవరికీ తీసిపోదు. ఆమెకు చేతకానిది ఒక్కటే, తోడికోడలి ఇంటివైపు చూడకుండా ఉండడం.

ఉన్నది ఒకటే ఇల్లు, నడుమ గోడ. ఇవతల అనంతమ్మ, భర్త మార్కండేయ, కూతురు వైష్ణవి. అవతల మరిది శేఖర్, అతని భార్య సరోజ, కూతురు అమూల్య. 2006 ఎండాకాలంలో శేఖర్ మగ్గం విప్పేసి, వెనక గదిలో ఏదో పొడి పొట్లాలు కట్టే పని పెట్టాడు. రెండు నెలలు తిరగకుండానే ఆ ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చింది, కూలర్ వచ్చింది. కూలర్ చప్పుడు గోడ దాటి వినబడుతుంటే అనంతమ్మకు కడుపు రగిలిపోయేది. చప్పుడు వచ్చినంత సులువుగా చల్లగాలి వస్తేనా!

ఒకరోజు చాట అడిగే వంకతో వెళ్లి చూసింది. అమూల్య కూడా కూర్చుని పొట్లాలు కడుతోంది. తెల్లటి పొడి. నేతవాళ్ల ఇళ్లలో తెల్ల పొడి అంటే అద్దకంలో వాడే హైడ్రోసే. అది ముక్కు పగిలేంత ఘాటుగా ఉంటుంది. దీనికి వాసనే లేదు. మేలురకం మందు కూడా వీళ్లకే దొరికిందని ఇంకాస్త కుళ్లుకుందే తప్ప, అనంతమ్మకు వేరే అనుమానం రాలేదు.

"మా వైష్ణవిని గూడ కూసోబెట్టుకో సరోజా. బడి అయినంక ఊకెనే ఉంటది."

"వద్దక్కా. పిల్లల పని గాదు ఇది."

"మరి నీ అమూల్య పిల్ల గాదా? మేం బాగుపడితే నీకేం పోతది?"

సరోజ తల వంచుకుంది. "నీకు తెల్వదక్కా. వద్దు."

అనంతమ్మ వింటేనా? అత్త పుష్పమ్మను ఎగదోసి, ఆమెచేత శేఖర్‌కు చెప్పించి, మర్నాడే పదేళ్ల వైష్ణవిని ఆ గదిలో కూర్చోబెట్టింది. గెలిచానని మురిసిపోయింది కూడా.

పొడి తియ్యగా ఉండేది. పిల్లలు వేళ్లు నాకేవారు, ఒక్కోసారి చిటికెడు బడికీ పట్టుకుపోయేవారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం వైష్ణవి బడిలో తల వాల్చి నిద్రపోయింది. ఎంత లేపినా లేవలేదు. దవాఖానలో డాక్టర్ చూసి పోలీసులకు కబురు పెట్టాడు. మత్తుబిళ్లలు నూరి, శాక్రిన్ కలిపి, కల్తీ కల్లులో వేసే మందు ఆ గదిలో తయారుచేస్తున్నారని సాయంత్రానికి అందరికీ తెలిసింది. శేఖర్‌ను పట్టుకుపోయారు.

మూడో రోజు వైష్ణవి కళ్లు తెరిచింది. పిల్లల సంరక్షణ చూసే అధికారిణి తిరుపతమ్మ వచ్చి దవాఖానలో ఆ పిల్ల మంచం పక్కనే తోడికోడళ్లిద్దరినీ ఎదురుగా నిలబెట్టింది.

"మత్తుమందు తయారుచేసే తావుల పిల్లల్ని ఉంచుడు నేరం. చట్టం ఉన్నది. కన్నోళ్లే పంపిన్రంటే పిల్లల సంక్షేమ కమిటీ ఈ పిల్లను హోంకు పంపుతది. ఈ పిల్లను ఎవరు పంపిన్రు?"

సరోజే ముందుగా నోరు విప్పింది.

"అక్కకు ఏం తెల్వదు మేడం. బిస్కెట్ల ఆశ చూపి నేనే పిలుచుకున్న."

తిరుపతమ్మ రాసుకుంది. అనంతమ్మ కాదనలేదు. కాదంటే వైష్ణవి పోతుంది.

ఆ సాయంత్రమే అమూల్యను జీపులో పాలమూరు హోంకు తీసుకుపోయారు. సరోజను స్టేషన్‌కు నడిపించారు. వైష్ణవి ఇంటికి వచ్చింది.

"అమ్మా, నువ్వే గద నన్ను పంపినవ్? చిన్నమ్మ అట్లెందుకు చెప్పింది?"

అనంతమ్మ ఇన్నేళ్లూ సరోజను చూసి ఏడ్చింది కానీ, ఇంతగా ఎప్పుడూ ఏడవలేదు. సొంత బిడ్డ పోతున్నా పరాయి బిడ్డ కోసం ఆ మాట అన్నది సరోజ. ఆ స్థానంలో తనుంటే అనేది కాదు.