గౌరి పాటకి ఢోలక్ ఎవరు వాయించారు

నా హార్మోనియం మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. నవ్వితే నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. భిలాయిలో మన తెలుగువాళ్లం ఏటా ఓ రాత్రి పాటలు, మిమిక్రీ, డాన్సులతో వెరైటీ షో వేసేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లు నందిని, చరోదాల నుంచి కూడా స్కూటర్ల మీద పిల్లాజెల్లాతో వచ్చేవారు. హాలంతా మల్లెపూలు, పకోడీల వాసన. నేను హార్మోనియం, స్టీల్ ప్లాంటులో పనిచేసే సూర్యారావు ఢోలక్.

ఆ ఏడు వాడి కూతురు గౌరి మొదటిసారి పాడుతోంది. తొమ్మిదేళ్లది. తెలుగు చదవడం రాదు, పాటంతా హిందీ అక్షరాల్లో రాసుకుంది. భిలాయి పిల్లలందరిలాగే తండ్రిని పాపా అంటుంది. "పాపా వాయిస్తేనే పాడతా అంకుల్" అని ముందే చెప్పేసింది. నెల్లాళ్లు పక్కన కూచుని నేర్పింది వాడే మరి.

తీరా ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి వాడి తర్వాత షిఫ్టుకి ఎక్కాల్సిన మనిషి రాలేదు. డబల్ డ్యూటీ. రాత్రి పది దాకా కదలడానికి లేదని ఫోన్ చేశాడు. గౌరికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిదింటికి అది మైకు ముందు నిలబడి వెనక్కి వెనక్కి చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది.

హార్మోనియం మీద ఒక్కణ్నే పాట ఎత్తుకున్నాను...

అప్పుడు... నా వెనక... ధిన్.

మళ్లీ... ధిన్... తాక ధిన్...

సూర్యారావు వాయింపే. చివర ఎడమ చేత్తో కాస్త రుద్ది వదలడం వాడొక్కడికే అలవాటు. తల తిప్పాను. లైటంతా గౌరి మీదే ఉంది. పక్క తెర నీడలో, ముందురోజే తెచ్చిపెట్టిన వాడి ఢోలక్... దాని మీద రెండు చేతులు... మోచేతుల దాకా ప్లాంటు యూనిఫాం. ఆ పైన చీకటి. ఎలాగో తప్పించుకొచ్చేశాడు దొంగ, అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో.

రెండో చరణంలో గౌరి ఒక లైను దూకేసింది. నేను తడబడ్డాను. ఢోలక్ మాత్రం మెత్తగా ఆగి, పిల్లని అందుకుని మళ్లీ నడిపించింది. పాట అయ్యేసరికి హాలంతా ఈలలు. వెనక్కి చూస్తే... ఎవరూ లేరు. ఢోలక్ తాళ్లకున్న రింగులు ఇంకా... కదులుతున్నాయి.

పదిన్నరకి సూర్యారావు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నయ్యా, గుంట పాడీసిందేటి? ఎలాగ పాడింది?"

"నువ్వే కదరా వాయించావు."

"ఎగతాళి సెయ్యకు. పదైనాకే గేటు దాటినాను. అప్పటిదాకా టిఫిను డబ్బా మీద వాయించుకుంటా కూకున్నాను." వాడి కళ్లలో నీళ్లు.

మర్నాడు ప్లాంటులో వాకబు చేశాను. నిజమే. వాడు అక్కణ్నుంచి కదల్లేదట.

ఆ రాత్రి వాడు కళ్లు తుడుచుకుంటుండగానే గౌరి వచ్చి వాడి మెడకు చుట్టుకుంది. "పాపా, ఎంత మస్త్ వాయించారు."

వాడు నా వంక చూశాడు. దాన్ని ఎత్తుకున్నాడు.

"ఓసి గుంటా, రెండో చరణంలో లైను దూకీసినావు కదే."

అది పకపకా నవ్వింది. నేను ఆ మాట వాడితో అనలేదు. ఇంకెవరూ వాడి దగ్గరికే రాలేదు.

"నీకెలా తెలుసురా?"

వాడు గౌరిని చంక మార్చుకున్నాడు.

"ఏటో అన్నయ్యా... నోటికొచ్చీసింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయంతో అని చెప్పాలి గానీ... సంతోషంతోనే.