ఉప్పు లేని దిష్టి

అమెరికాలో, బాతెల్ ఊళ్లో మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఒక మావోరీ ఆవిడ ఉండేది. భర్త ఉద్యోగం కోసం న్యూజీలాండ్ నుంచి వచ్చారు. చంకలో నెలల పాప. రెండువేల తొమ్మిదిలో ఆరునెలలు ఉందామని నా దగ్గరికి వచ్చిన అమ్మ, కొన్నాళ్లకే గోడలు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది. నేను పొద్దున్నే ఆఫీస్‌కి పోతే చీకటి పడ్డాకే రావడం. కింద ఆ పాప ఉందని తెలిశాక అమ్మ తిరుగు ప్రయాణం మాట ఎత్తడం మానేసింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా కబుర్లకి లోటు లేదు. మొదటి రోజే ఆవిడ మా అమ్మ ముక్కుకి ముక్కు, నుదుటికి నుదురు ఆనించి కళ్లు మూసుకుంది. ఊపిరి పంచుకోవడమట, అది వాళ్ల పలకరింపు. అమ్మ బిగుసుకుపోయింది గానీ, సాయంత్రమంతా నాకు ఆ ముచ్చటే చెప్పింది. ఆవిడ మా అమ్మని 'ఫాయా' అని పిలిచేది. పెద్దావిడని గౌరవంగా పిలిచే మాట అది. వంటింటి తువాళ్లు ఒంటిబట్టలతో కలిపి ఉతకదనీ, భోజనాల బల్ల మీద ఎవర్నీ కూర్చోనివ్వదనీ తెలిశాక అమ్మకి ఆవిడ మీద గురి కుదిరింది.

"చూశావా, వాళ్లకీ మడి ఉంది. నీకే లేదు," అని నన్ను దెప్పింది.

తల సంగతి మాత్రం నేను అమ్మకి చెప్పలేదు. వాళ్లకి తల 'టాపు', అంటే పవిత్రం. ఊరికే ముట్టుకోకూడదు, తినే వస్తువేదీ తల మీదుగా పోకూడదు. అది చెప్పాల్సిన అవసరం వస్తుందని ఎవరనుకుంటారు?

వచ్చింది. ఒక శనివారం మా ఇంట్లో పాప గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి, నేను వద్దనేలోపే పాప తల చుట్టూ తిప్పేసింది. ఆవిడ ముఖం మాడిపోయింది. పాపని ఎత్తుకుని కిందికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా రాలేదు. అమ్మ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని మెట్ల మీద చప్పుడు వినేది. నాకు అమ్మ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"టికెట్ ముందుకి మార్చెయ్యవే," అంది చివరికి. ఇక ఉండబట్టలేక అమ్మని వెంటబెట్టుకుని కిందికి వెళ్లాను.

"అది తినడానికి కాదు తల్లీ. పాపకి తగిలిన కళ్లన్నీ అందులోకి లాగి కాల్చేస్తాం," అంది అమ్మ గుమ్మంలోనే. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఫాయా మంచికే చేసిందని తనకి తెలుసనీ, అయినా ఆ రాత్రి తనకి నిద్ర పట్టలేదనీ చెప్పింది ఆవిడ. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"నీళ్లయితే పర్లేదేమో అడుగు."

అడిగాను. ఆవిడ ముఖం విచ్చుకుంది. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు వాళ్లూ నీళ్లే చల్లుకుంటారట. అమ్మ వంటింటి గ్లాసు అందుకోబోతే ఆపి, పాపకి స్నానం చేయించే మగ్గు తెచ్చిచ్చింది. అమ్మ దాని నిండా నీళ్లు పట్టి, పాప చుట్టూ తిప్పి, బయట గడ్డిలో పారబోసి వచ్చింది. పాప తన మానాన తాను ఏడుస్తూనే ఉంది. నాకు నవ్వొచ్చింది, మనసూ తేలికపడింది.

ఇక పైకి పోదాం పదమన్నాను. ఆవిడ ఆ మగ్గు మళ్లీ నింపి అమ్మ చేతికిచ్చింది. మనిషి మంచి పొడగరి. అమ్మకి అందదని మోకాళ్ల మీద కూర్చుని, తల వంచింది.