ఆరింటికి, ఆరు దగ్గర

గాదోర్ స్పెయిన్ ఉత్తరపు ఒడ్డునున్న మా హిహోన్ పట్నంలో కాలుపెట్టిన మొదటి రోజునే కిలోమీటరున్నర పొడవున్న సముద్రతీరాన్ని పోగొట్టింది. గొడుగులూ తాళంచెవులూ పోగొట్టుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. తీరానికి తీరాన్నే పోగొట్టిన మనిషిని నేనైతే ఆమెనొక్కదాన్నే చూశాను. అంతటితో ఆగిందా? అదే గంటలో, నలభైమంది కాచుకుని కూర్చున్న గదిని ఒక్క మాటతో ఎగరేసుకుపోయింది. నేను ప్రత్యక్షసాక్షిని. నా మాట నమ్మనివాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు గానీ వాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు.

ఇప్పుడామెను చూస్తే ఇదంతా కట్టుకథ అనుకుంటారు. మా రేవులో టగ్ పడవ నడుపుతుంది. ఆరంతస్తుల మేడంత ఓడని ఆవుదూడని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చి గట్టుకి కట్టిస్తుంది. ఆటు ఎప్పుడో, పోటు ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా నిమిషాలతో సహా చెబుతుంది. ఇరవై ఏళ్ల కిందట, సెప్టెంబరు ఆఖర్లో ఒక పౌర్ణమినాడు, మాడ్రిడ్ మీదుగా పద్దెనిమిది గంటలు బస్సులో కూర్చుని, వాచిన కాళ్లతో మా ఊళ్లో దిగిన గాదోర్ వేరు.

దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున, అల్మెరీయా వైపు ఆద్ర అనే ఊరు వాళ్లది. తాతలు జాలర్లు. అమ్మ టమాటాలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసేది. పిల్లకి మా నౌకా కాలేజీలో సీటొచ్చింది. కాలేజీ హాస్టలు నిండిపోయింది. బయట గదులన్నీ ఆగస్టులోనే అయిపోయాయి. అందుకని బస్సెక్కించేటప్పుడే అమ్మ ఖరాఖండిగా చెప్పింది: "సాయంత్రం ఎనిమిదింటికి తిరుగు బస్సుంది. ఈలోగా గది దొరికిందా, ఉండిపో. దొరకలేదా, అదే బస్సెక్కి వచ్చెయ్. షెడ్డులో నీ చోటు నీకు అట్టేపెట్టమన్నాను." ఆ మాటతో పాటు ఇంటావిడ ఎవరైతే ఆవిడకిమ్మని అయిదు కిలోల టమాటాల పెట్టె కూడా చేతిలో పెట్టింది.

పొద్దున్నుంచి పదకొండు ఇళ్లకి ఫోను చేస్తే పదకొండూ లేదన్నాయి. పన్నెండోది బెలర్మీనాది. ఆ పేరు వింటే మా పేటలో పిల్లులు కూడా గోడ దిగిపోతాయి. డెబ్బై ఏళ్లావిడ. ఎండైనా వానైనా రోజూ సాయంత్రం సముద్రంలో ఈదుతుంది. విద్యార్థులకి గదులిస్తుంది, నచ్చకపోతే అర్ధంతరంగా పంపేస్తుంది.

"ఎక్కణ్ణుంచి?" అందట ఫోన్లో.

"ఆద్ర నుంచండీ. మాది జాలర్ల ఇల్లు. సముద్రం సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు, అందులోనే పుట్టాను."

"అలాగా. ఆరింటికి ఆరు దగ్గరుంటా. మొహం చూసి చెప్తా." టక్కున పెట్టేసింది.

ఆరింటికి ఆరు ఏమిటో తెలియక గాదోర్ పేపర్లమ్మే ఆయన్ని అడిగింది. సముద్రం వెంట మాకొక పొడుగాటి గోడ ఉంది. గోడ మీద నడుస్తాం, కిందికి దిగడానికి వరసగా మెట్లదారులుంటాయి. ఒక్కోదానికి ఒక్కో అంకె. మా ఊళ్లో ప్రేమించుకునేవాళ్లూ పోట్లాడుకునేవాళ్లూ ఆ అంకెలు చెప్పుకునే కలుసుకుంటారు. పేపరాయన అంతవరకూ చెప్పాడు. మిగతాది చెప్పాలని ఆయనకి తోచలేదు. ఎందుకు తోస్తుంది? నీళ్లు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా?

పదకొండున్నరకి చోటు చూసుకుందామని ఆరు దగ్గరికొచ్చింది. గోడ మీద నేను కూర్చుని ఉన్నాను. అదే నౌకా కాలేజీలో రెండేళ్లు చదివి, చదువుకి నా అవసరం పెద్దగా లేదని గ్రహించి బయటికొచ్చేసి అప్పటికి మూడు వారాలు.

"ఇదిగో, ఆరో నంబరు మెట్లు ఇవేనా?"

"అంకె వేసుందిగా. చదువుకోలేదా?"

"చదువుకోడానికే వచ్చా. నువ్వేం చేస్తుంటావు?"

"చదువు మానేస్తే ఎలా ఉంటుందో చూస్తున్నా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కిందికి చూసింది. ఆటు పూర్తిగా తీసిన వేళ. ఫుట్‌బాల్ మైదానాలు పది పరిచినంత ఇసుక, నీళ్లు ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా. మెట్లు దిగి, గోడ నీడన టమాటాల పెట్టె దించి, భుజం రుద్దుకుంది.

"దీన్ని సాయంత్రం దాకా ఇక్కడ పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారా?"

"మా ఊళ్లోనా! ఒకాయన ఇదే ఇసుకలో పియానో మర్చిపోయి క్యూబా వెళ్లాడు. పదేళ్ల తర్వాత వచ్చి చూస్తే ఎవరో శ్రుతి కూడా చేసిపెట్టారు."

"ఇసుకేంటి, గోడ దాకా తడిగా ఉంది?"

"రాత్రి వాన పడింది," అన్నాను.

అది అబద్ధం కాదు. మా ఊళ్లో వాన పడని రాత్రి నేనెరగను. కానీ ఆ తడి ఆ వానది కాదు. ఆమెకి తెలియదని నాకు తెలిసింది. ఆద్ర దగ్గర సముద్రం మూరెడు కూడా లేవదట. ఇసుక మీద చాప పరిచి పడుకుంటే పదేళ్లయినా తడవదట. నాలుగింటికి నేనే వచ్చి పెట్టె పైకి తెచ్చి, నాలుగు మాటలని ఏడిపించి చేతికిద్దామనుకున్నాను. అనుకోవడం వరకూ నా అంత నమ్మకస్థుడు మా ఊళ్లో లేడు.

ఆరున్నర గంటలు గడపాలి ఆమె. కూర్చోలేకపోయింది. కూర్చుంటే నిద్రొస్తుంది, నిద్రపోతే ఆరు దాటిపోతుంది. చర్చి గడియారం కింద నిలబడి టైము చూసి, వీధి చివరి దాకా వెళ్లి మళ్లీ వచ్చి చూసేది, రెండు నిమిషాలు గడిచేవి. ఈశాన్యపు గాలి ఒకటి, అది మనిషిని ఒకచోట నిలవనివ్వదు. బంగాళదుంపల ఆమ్లెట్టు పెట్టిన రొట్టె కొనుక్కుని నడుస్తూనే తింది. రెండింటికి భోజనాల వేళని దుకాణాల తలుపులు దించేస్తుంటే, ఊరంతా తనని చూసి తలుపులేసుకుంటున్నట్టు అనిపించిందట. తుంపర పడింది, ఆగింది, మళ్లీ పడింది. ఇంటావిడతో ఏం మాట్లాడాలో దారంతా వల్లెవేసుకుంది. "నేను వంటగది శుభ్రంగా ఉంచుతానండీ" అని ఒకసారి పైకే అనేసరికి ఎదురుగా వస్తున్న పోలీసాయన "సంతోషం" అన్నాడట.

గంటకోసారి అమ్మ ఫోను.

"దొరికిందా?"

"ఆరింటికమ్మా."

"ఇంకా ఆరు కాలేదా అక్కడ?"

"ఇక్కడా అదే టైమమ్మా."

"టికెట్టు తీసిపెట్టుకో ఎందుకైనా మంచిది."

టికెట్టు తియ్యలేదు. తీస్తే ఎక్కాల్సొస్తుందని భయం. బస్టాండు వైపు వెళ్లే వీధి వస్తే చాలు, పక్క సందులోకి తిరిగేది.

సిమదేవియా పేట పక్కనున్న చిన్న రేవు దగ్గరికి మధ్యాహ్నం ఒకసారి వెళ్లింది. పడవలన్నీ గట్టుకి రెండు నిలువుల కింద, బావిలో పడ్డట్టున్నాయి. ఇంత లోతుగా ఎవరు తవ్వారో, పిచ్చివాళ్లు, అనుకుని వెళ్లిపోయింది. అయిదు దాటాక తిరుగుతూ తిరుగుతూ మళ్లీ అక్కడికే వచ్చింది. మధ్యాహ్నం వంగి చూసిన నీలం పడవ ఇప్పుడామె మోకాలి ఎత్తున ఉంది. అందులో వల సర్దుకుంటున్న మనిషి మామూలుగా తలెత్తి "ఏమ్మా?" అన్నాడు.

పడవ వంక చూసింది. నీళ్ల వంక చూసింది. తర్వాత పరిగెత్తింది.

ఆమె వచ్చేసరికి నేను ఆరు దగ్గరే ఉన్నాను. నాలుగింటికి బయల్దేరినవాణ్ణి, దారిలో ఆపిల్ కల్లు కొత్త పీపా తెరిచారంటే మర్యాదకి ఆగాను. మర్యాద అయిదున్నర దాకా పట్టింది. ఏడాదిలోకెల్లా పెద్ద పోటు ఆ రోజు. నాలుగింట మూడొంతుల మెట్లు నీళ్లలో ఉన్నాయి. కెరటం గోడకి కొట్టుకుని నడిచేవాళ్ల మీద పడుతోంది. ఇసుక రేణువు కూడా లేదు.

"బీచ్ ఏది?" అంది రొప్పుతూ.

నోరు ఊరుకోదు కదా. "అయిదింటికల్లా మునిసిపాలిటీవాళ్లు చుట్టేసి లోపల పెట్టేస్తారు," అన్నాను.

చొక్కా పట్టుకుంది. ఆ పట్టు ఇప్పుడు ఓడల తాళ్లకి తెలుసు. "నా టమాటాలేవీ?"

పక్కన రోజూ గోడ కాపలా కాసే ముసలి సెల్మో చెయ్యి చాపాడు. "అవిగోనమ్మా, ఆ ఎర్రవి. ఇందాకట్నుంచీ ఏం చేపలబ్బా అని చూస్తున్నా."

సముద్రం మీద ఎర్రటి చుక్కలు. చుక్కల నడుమ ఒక తెల్లటి రబ్బరు టోపీ. టోపీ కింద బెలర్మీనా. ఈదుతూ ఈదుతూ ఒక టమాటా చేతికి తగిలితే పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కొరికింది. నమిలింది. తర్వాత గోడ మీదున్న మా అందరికీ వినబడేలా అరిచింది.

"ఎవరిదీ ఈ వెధవ పని? సముద్రాన్ని సలాడ్ చేశారు!"

గోడ మీద ఇరవైమందైనా ఉంటారు. ఇరవై వేళ్లూ నా వైపే తిరిగాయి. మా ఊరికి నా మీద అంత నమ్మకం.

"ఆవిడెవరు?" అంది గాదోర్ గొంతు తగ్గించి.

"బెలర్మీనా."

మొహం పాలిపోయింది. నా చొక్కా వదిలేసింది. ఆరు కావడానికి మూడు నిమిషాలుంది. ఆమె నోరు మూసుకుంటే తప్పు నాదయిపోతుంది. బెలర్మీనా నన్ను తిట్టి, తుడుచుకుని, ఆరింటికి శుభ్రంగా ఈమె మొహం చూస్తుంది. ఒప్పుకుంటే, సముద్రంలో పుట్టానన్న పిల్ల పోటు సంగతి తెలియక పెట్టె ఇసుకలో పెట్టిందని తేలిపోతుంది. అంతా నామీద వేసుకుందామని నేను ఛాతీ విరుచుకున్నాను. పొద్దుటి పాపానికి అది చవకే.

బెలర్మీనా మెట్లెక్కి, నీళ్లు కారుతూ, సగం కొరికిన టమాటాతో నా ముందు నిలబడింది.

"షువాకూ, నీవేనట్రా ఇవి?"

"ఆ, నావే..." అన్నానో లేదో, గాదోర్ విరుచుకుపడింది.

"వీడివెందుకవుతాయి? అవి మా అమ్మ ఒక్కోటీ చూసి ఏరి పంపినవి. వీడి మొహానికి అలాంటి టమాటాలెక్కడివి?"

సెల్మో నవ్వు దాచుకోడానికి దగ్గాడు. బెలర్మీనా ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"సముద్రంలో పుట్టానన్నది నువ్వేనా?"

"నేనేనండీ."

"మరి?"

"అది వేరే సముద్రమండీ. ఉన్నచోటే ఉంటుంది."

గోడంతా పగలబడి నవ్వింది. సెల్మో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బెలర్మీనా మాత్రం నవ్వలేదు. మిగిలిన సగం టమాటా తిని, వేళ్లు నాక్కుంది. గాదోర్ చర్చి గడియారం వంక చూస్తోంది, కాళ్లు మాత్రం ఒక్క క్షణం నేల మీద ఆనడం లేదు.

"బస్సెన్నింటికి?" అంది బెలర్మీనా.

"ఎనిమిదింటికి."

"ఉప్పు సరిపోయింది. నూనె ఇంట్లో ఉంది. పో, మిగతావి ఏరుకురా."

మా సముద్రపు చలి ఆమెకేం తెలుసు? జీన్స్‌తోనే మెట్లు దిగి నడుం లోతుకెళ్లగానే పెట్టిన కేక ఊరవతల నది దాకా వినిపించింది. పైనుంచి గోడ సలహాలిచ్చింది: "ఎడమకమ్మా! ఆ కెరటం వెనకాల! రెండున్నాయి!" నేను చొక్కా పరిచి పట్టుకున్నాను, ఆమె నా మొహానికి గురిపెట్టి ఒక్కోటీ విసిరింది. చివరికి పళ్లు టకటకలాడిస్తూ పైకొచ్చి నిలబడితే బెలర్మీనా తన తువ్వాలు ఆమె మీద పడేసి, "పద. ఇంట్లో తడికాళ్లతో నడిచావంటే ఊరుకోను," అని ముందు నడిచింది. ఎనిమిదింటి బస్సు ఆమె లేకుండానే వెళ్లింది.

అయిదేళ్లుంది ఆ గదిలో. చదువు పూర్తిచేసింది, ఓడల మీద తిరిగింది, తిరిగొచ్చి టగ్ ఎక్కింది. ఈ కథ నేను కల్లు దుకాణంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మొన్న కూడా, మా ఊరి పద్ధతిలో సీసా తలపైకెత్తి మోకాలి దగ్గరున్న గ్లాసులోకి ధార పోస్తూ, కొత్తగా వచ్చిన విద్యార్థులకి చెబుతున్నాను. నలభైమంది మెట్ల మీద వరసగా నిలబడటం, నిజం ఒప్పుకున్నందుకు బెలర్మీనా కళ్లు చెమర్చడం, ఆ ఒక్క మాటకి మిగతా ముప్ఫై తొమ్మిదిమందినీ పొమ్మనడం. పని దిగి రేవు నుంచి అప్పుడే వచ్చిన గాదోర్ నా చేతిలో గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగి, వాళ్ల వైపు తిరిగింది.

"నలభైమందీ లేరు, నలుగురూ లేరు. ఆ గదికి కిటికీ లేదు, జూన్ నుంచీ ఖాళీగా పడుంది. ఎవరడిగినా ఇచ్చేసేది."