మూఢం పేరు చెప్పి వదిలించుకున్న కారు

ఏడేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. దాని గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. వేళకు తింటున్నాను, ఆఫీసుకి వెళ్తున్నాను, రాత్రి తల దిండు మీద పెట్టగానే నిద్రపోతున్నాను. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. నాకు పడుతోంది. నన్ను ఇబ్బంది పెట్టేది అదేనేమో.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాట చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పరిచయం దొరకదు. పేర్లు మార్చాను. మిగిలిందంతా జరిగినట్టే రాస్తాను.

నేనుండేది అమెరికాలో, ఆర్కెన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో. ఇక్కడ కారు లేని మనిషి పాలు కొనుక్కోవాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి. బస్సుల గురించి అడక్కండి, ఉన్నాయని అంటారు. అందుకని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కారు కొనడం పెళ్ళి సంబంధం చూడడంతో సమానం. నాలుగు నెలలు ఆరా తీస్తారు, రంగు మీద ఓటింగ్ పెడతారు, ఇంకా కొనని కారుకి రీసేల్ ఎంత వస్తుందని అడుగుతారు. ఆ గ్రూపులో కార్ల మనిషిని నేను. మెకానిక్కును కాను. డేటాబేసులు చూసుకునే ఉద్యోగం. కాని నా దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. మనవాళ్ళు డాక్టరు చీటీ మీద రెండో అభిప్రాయం అడుగుతారు కాని ఎక్సెల్ షీటు మీద అడగరు.

అందులో ప్రతి కారుకీ మైలేజీ, సర్వీసు ఖర్చు, అన్నిటికంటే ముఖ్యంగా చివర్లో ‘నమ్మకం’ అని ఒక గడి. పదికి ఇన్ని మార్కులని నేనే వేసేవాణ్ణి. చాలామంది మిగతా గడులు చూసేవారు కాదు.

ఆ ఏడాది ఒక కొత్త మోడల్ వచ్చింది. కంపెనీ పేరు రాయను. వాళ్ళ తప్పు వాళ్ళది, నా తప్పు నాది, రెండూ కలిపితే నాది చిన్నదిగా కనబడుతుంది. మొదటి ఏడాది మోడల్ కొనడం తెలివితక్కువని గ్రూపులో అందరూ అన్నారు. నేను పేజీన్నర వ్యాసం రాసి అందరి నోళ్ళూ మూయించి, ఆ కారే బుక్ చేశాను. నాలుగు నెలలు ఆగాలన్నారు. షీటులో ‘నమ్మకం’ కింద తొమ్మిది వేశాను. పది వేస్తే అతి అవుతుందని.

డెలివరీకి మూడు వారాలుందనగా, ఆ కారు అప్పటికే తీసుకున్నవాళ్ళు రాసుకునే ఒక ఫోరం చూశాను. అందరిదీ ఒకటే కథ. హైవే మీద డెబ్బై మైళ్ళ వేగంతో పోతుంటే ఒక పసుపు లైటు వెలుగుతుంది. బండి ఉన్నపళంగా శక్తి కోల్పోతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇరవై దాటదు. పక్కకు ఆపి, ఆఫ్ చేసి, ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు మళ్ళీ మామూలే. షాపుకి తీసుకెళ్తే ఏ లోపమూ లేదని పంపించేస్తున్నారు. మొదటిరోజు నాలుగు పోస్టులు. వారం తిరిగేసరికి పదకొండు.

ఇంటర్నెట్‌లో ఏడ్చేవాళ్ళే రాస్తారు, నవ్వేవాళ్ళకి తీరిక ఉండదు. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత నా లాప్‌టాప్‌లో ఉన్న షీటు తెరిచి ఆ తొమ్మిదిని నాలుగు చేశాను. గ్రూపులో అందరూ చూసే షీటులో తొమ్మిదే ఉంచాను. ఎందుకలా చేశాను? ఆ క్షణంలో నాకు తెలుసా? తెలుసు. వేలు మౌస్ మీద ఆగింది. బాగా గుర్తుంది.

బుకింగ్ రద్దు చేసుకుంటే సరిపోయేది. డిపాజిట్ మొత్తం వెనక్కిచ్చేవాళ్ళు. డబ్బు కోసం చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు. ‘ముందే చెప్పాం కదా బాస్’ అని గ్రూపులో ఎవడో ఒకడు పెట్టే మెసేజీ నాకు రాకూడదు. అంతే. దాని చుట్టూ ఎంత వెతికినా ఇంకో కారణం కనబడదు.

సరిగ్గా అప్పుడే మూఢం వచ్చింది. మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఇల్లు మారరు, కొత్త బండి తీసుకోరు. మా అమ్మ ఒప్పుకోవడం లేదని గ్రూపులో పెట్టాను. మా అమ్మకి ఈ సంగతే తెలియదు. ఆవిడ క్యాలెండర్ చూసేది గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ కోసం. డీలర్ దగ్గరికి వెళ్ళి మతపరమైన కారణమన్నాను. ఆర్కెన్సాలో ఆ మాటంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. పాపం, సేల్స్‌మన్ టోపీ తీసినంత పని చేశాడు. కారును అన్ని వారాలు ఆపలేమని, కావాలంటే నా వంతు ఎవరికైనా రాసివ్వచ్చని చెప్పాడు.

గ్రూపులో ఎవరూ తీసుకోలేదు. మూఢం నాకొక్కడికే కాదు కదా. తీసుకోగలిగిన ఇల్లు ఒక్కటే ఉంది. అది నాకు ముందే తెలుసా అని మీరడగవచ్చు. నేనూ అడుగుతుంటాను.

జాన్ అన్న నా టీమ్‌లోనే పనిచేస్తాడు. ఒంగోలు వాళ్ళు. ఆయన భార్య సునీతక్క. డిపెండెంట్ వీసా మీద ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాక ఆవిడకి వర్క్ పర్మిట్ వచ్చింది. ఫేయెట్‌విల్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. దాదాపు అరగంట హైవే. ఆవిడకి రెండో కారు కావాలి, అదీ వెంటనే. ఆదివారం చర్చి అయ్యాక నన్ను భోజనానికి పిలిచారు.

“మాకు మూఢాలూ గీఢాలూ లేవు కదా తమ్ముడూ. ఆ బండి మేం తీసుకోవచ్చా?” అంది అక్క, నా పళ్ళెంలో కోడికూర వేస్తూ.

“నీ మూఢం పుణ్యమా అని మాకు నాలుగు నెలల క్యూ తప్పుతోందిరా. వచ్చే ఏడాది కూడా పెట్టించు,” అన్నాడు జాన్ అన్న.

అందరం నవ్వాం. అక్క నవ్వడం ఆపి, గరిటె గిన్నెలో పెట్టింది.

“ఒక్క నిమిషం. నిజం చెప్పు. మూఢం ఒక్కటేనా? బండిలో ఏం లేదుగా?”

“బండికి మూఢమేంటక్కా? మూఢం మాకు.”

“నవ్వించకు. రోజూ హైవే ఎక్కాలి నేను. నాకసలే కొత్త. నువ్వైతే నడుపుతావా?”

“నేను బుక్ చేసుకున్న బండి అక్కా అది. షీటు చూడండి. తొమ్మిది ఉంటుంది.”

“చూశాలే. సరే ఇంక, నువ్వు చెప్పావంటే అంతే.”

ఈ సంభాషణను నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. బుక్ చేసుకున్నది నిజం. షీటులో తొమ్మిది ఉన్నదీ నిజం. మూఢం పంచాంగంలో ఉంది. ఏ ఒక్క వాక్యాన్ని పట్టుకున్నా అబద్ధం దొరకదు. చదువుకున్నవాళ్ళు అబద్ధమాడే పద్ధతి ఇదేననుకుంటాను. ఆవిడ అడిగింది ఒకటే, నువ్వైతే నడుపుతావా అని. దానికి మాత్రం నేను జవాబు చెప్పలేదు. కూర బాగుందని చెప్పి, ఇంకొంచెం వేయించుకున్నాను.

డెలివరీ రోజున నన్ను కూడా తీసుకెళ్ళారు, కారు చూడడానికి. శ్రద్ధగా చూశాను. నాలుగు టైర్లలో గాలి, ఓడోమీటర్ రీడింగ్, డిక్కీలో స్పేర్ టైరు. వెనక తలుపు కింద బియ్యపు గింజంత గీత కనబడితే పట్టుబట్టి రంగు వేయించాను. అక్క మురిసిపోయింది. తర్వాత అక్కడే పార్కింగ్‌లో బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. మేమిద్దరం తలలు వంచుకుని నిలబడ్డాం. బండి కోసం, ఉద్యోగం కోసం, దారి కోసం చేసింది. “తన వంతు మాకిచ్చిన ఈ తమ్ముణ్ణి చల్లగా చూడు ప్రభువా,” అంది. నేను కూడా ఆమెన్ అన్నాను. మర్యాదగా ఉంటుందని.

గ్రూపులో నా మనసు గొప్పదని రాశారు. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి. నేను మూఢం వెళ్ళాక, ఏళ్ళ తరబడి జనం నడిపి చూసిన పాత మోడల్ నీరసపు సెడాన్ ఒకటి కొన్నాను. అది ఇప్పటికీ నడుస్తోంది.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. చూశావా, ఊరికే భయపడ్డావు అనుకున్నాను. ఒక ఉదయం అక్క డ్యూటీకి వెళ్తుంటే హైవే మీద బండి వేగం పడిపోయింది. వెనక వస్తున్న పికప్ ట్రక్కు గుద్దింది. బండి రెయిలింగ్‌కి కొట్టుకుని ఆగింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. అక్కకి భుజం ఎముక విరిగింది. మూడు నెలల్లో అతుక్కుంది. ఇంకేమీ కాలేదు. ‘ఇంకేమీ కాలేదు’ అనే మాట ఆ వారంలో నేను చాలామందికి చెప్పాను.

పికప్ డ్రైవరు ముందు కారు కారణం లేకుండా నెమ్మదించిందని చెప్పాడు. షాపువాళ్ళు బండిలో ఏ లోపమూ కనబడలేదన్నారు. అక్క మాత్రం మొదట్లో గట్టిగానే చెప్పింది, తొక్కాను, తొక్కుతూనే ఉన్నాను, బండి కదల్లేదు అని. కొత్త కారు, కొత్త డ్రైవరు. ఎవరిని నమ్ముతారు? కొన్నాళ్ళకి, ఏమో, కంగారులో కాలు తీసేశానేమో అంది. ఇంకొన్నాళ్ళకి ఆ ‘ఏమో’ కూడా పోయింది. నా కళ్ళముందే పోయింది. నా ఫోనులో ఆ పదకొండు పోస్టులు ఉన్నాయి. తీసి చూపించడానికి అర నిమిషం పట్టేది.

మళ్ళీ హైవే ఎక్కలేకపోయింది. ర్యాంపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చేసేది. ఉద్యోగం మానేసింది. ఆరేళ్ళు ఎదురుచూసి సంపాదించుకున్నది, నాలుగు నెలలు చేసింది. ఇప్పుడు ఇంట్లోనే వేరేవాళ్ళ పిల్లల్ని చూసుకుంటోంది. వాళ్ళలో మా పాప ఒకతి. పొద్దున దింపేటప్పుడు అక్క టీ ఇస్తుంది, తాగుతాను. “మంచి బండి కాబట్టి బతికాను తమ్ముడూ, నా డ్రైవింగ్‌కి వేరే బండైతే పోయేదాన్ని,” అని ఇప్పటికీ అంటుంది.

ఇంకొకటి ఉంది. దీన్ని వదిలేద్దామనుకున్నాను. ఒక బర్త్‌డే పార్టీలో ఎవరో ఆ యాక్సిడెంట్ మాట ఎత్తారు. అందరూ మొహాలు దించుకున్నారు. నిశ్శబ్దం నాకు పడదు. “అక్క బ్రేకు ఇన్‌స్పెక్టరు, హైవే మధ్యలో చెక్ చేస్తుంది,” అన్నాను. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ పేరు గ్రూపులో ఏడాది పాటు నడిచింది. నేను పెట్టిన పేర్లలో బాగా పేలింది అదే.

రెండేళ్ళ తర్వాత కంపెనీ తన తప్పు తానే ఒప్పుకుంది. ఆ మోడల్ కార్లన్నిటినీ వెనక్కి పిలిచి ఒక భాగం మార్చింది. అక్క వాళ్ళ కారు అప్పటికే తుక్కుకి వెళ్ళిపోయింది కాబట్టి కంపెనీ ఓనర్లకి పంపిన ఉత్తరం వాళ్ళింటికి రాలేదు. నేను ఇంటర్నెట్‌లో చదివాను. రెండుసార్లు చదివి, ట్యాబ్ మూసేశాను. ఏమనిపించిందని అడిగితే చెప్పడానికేమీ లేదు. మీటింగ్ ఉంది, వెళ్ళాను.

మొన్న పొద్దున పాపను దింపి వస్తుంటే అక్క గుమ్మంలో ఆపింది. మళ్ళీ డ్రైవింగ్ క్లాసులకి వెళ్దామనుకుంటోందట. మొదటి నుంచి, పదహారేళ్ళ పిల్లలతో కలిసి. తప్పు నాదే కదా, నేర్చుకోవాలి కదా అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో బాధేమీ లేదు. లెక్క సరిపోయినట్టు, చాలా మామూలుగా అంది. నేను మంచి ఆలోచన అక్కా అన్నాను. కారెక్కి ఆఫీసుకి వెళ్ళాను.

ఆవిడకి చెబుతానా? చెబుతానని ఇక్కడ రాస్తే మీ దగ్గర మార్కులు కొట్టేసినట్టవుతుంది. చెబితే నన్ను ఏమంటుందో ఊహించాలని చూశాను. ఏమీ తోచలేదు. క్షమిస్తుందేమో. ఆవిడ ప్రార్థన విన్నవాణ్ణి కాబట్టి ఆ భయం కూడా ఉంది. కాని క్షమించడం తర్వాతి సంగతి. తన కాలు తన మాట విందని ఆవిడకి తెలియాలి. అది ఆవిడది. ఏడేళ్ళుగా నా దగ్గర ఉంది.

ఎదురుగా నిలబడి అనలేని మాట ఇక్కడ రాస్తాను.

అక్కా, ఆ రోజు మీ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. మీరు తొక్కారు. ఆగింది బండి. అది అలా ఆగుతుందని నేను ముందే చదివాను, నడపడానికి భయపడ్డాను, తెలిసే మీకిచ్చాను.

ఇప్పుడు కనీసం ఒకచోట జరిగింది జరిగినట్టు ఉంది.