జారుడుబండ అడుగు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గాని, చిన్నప్పుడు నేల మీద గిర్రున తిరుగుతూ బ్రేక్‌డాన్సు ఆడే పిల్లమూక అంతా ఆమెను జారుడుబండ అనేవాళ్లు. పేరు ఊరికే వచ్చిందా ఏమిటి! గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఎడమకాలు ఒంటి కిందనుంచి జారవిడిచేది. ఇక పడిపోయిందిరా దేవుడా అనుకునేలోపు గిర్రున తిరిగి లేచి నిలబడేది. పాట పెట్టేవాడు కూడా పని మరిచి నోరు వెళ్లబెట్టేవాడు.

వాళ్లమ్మ ఒక ఆఫీసు భవనంలో నేలలు తుడిచేది. ఆఫీసు మూసేశాక సాయంత్రాలు దాని వరండాలోనే వీళ్ల బ్రేక్‌డాన్సు. అంత నున్నటి నేల ఇంకెక్కడ దొరుకుతుంది? నున్నగా చేసింది ఆ తల్లే. ఆవిడ మాత్రం బకెట్టు పట్టుకుని పక్కనుంచి పోతూ, "తలకిందులుగా నిలబడ్డమేంటే, నడుం విరుగుతుంది! నేను చచ్చినా చూడను" అని మొహం తిప్పుకునేది. అమ్మ ఒక్కసారన్నా చూడలేదన్న బాధ కూతురి మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు జారుడుబండ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. మోకాళ్లు మాట వినడం ఎప్పుడో మానేశాయి. ఆ డాన్సు పిచ్చి ఇప్పుడు కొడుక్కి అంటుకుంది. శనివారం పోటీ ఉందంటే ఎంతో ఇష్టంగా తన జారే అడుగు వాడికి నేర్పింది. మర్నాడు వాడు మొహం మాడ్చుకుని వచ్చాడు.

"అమ్మా, అది బొంగరం మావయ్య అడుగంట. డాన్సు మాస్టారు చెప్పారు. వేరేవాళ్లది కొరికితే గుంపులోంచి తీసేస్తారంట."

కొరకడమంటే వాళ్ల భాషలో దొంగతనం. అంతకు మించిన తిట్టు లేదు.

"నాదిరా అది!" అనబోయి ఆగిపోయింది. నిజంగా తనదేనా? బొంగరం కూడా ఆ మూకలోవాడే, ఇద్దరూ ఆ వరండాలోనే పక్కపక్కన ఆడుతూ పెరిగారు. ఎవరు ముందు చేశారు? గుర్తు తెచ్చుకునేకొద్దీ ఒకసారి తన కాలు కనిపిస్తుంది, ఒకసారి వాడి కాలు. బతుకులో తాను సొంతంగా చేసింది అదొక్కటే, మిగతావన్నీ ఊళ్లోవాళ్ల చొక్కాలు. అదీ తనది కాకపోతే ఇంకేముంది?

ఉండబట్టలేక బొంగరానికి ఫోన్ చేసింది. వాడిప్పుడు బస్సు డ్రైవరు.

"ఒరేయ్, ఆ జారే అడుగు నీదా నాదా?"

"నీదేగా! ఆగాగు... నువ్వు నాకు నేర్పావా, నేను నీకు నేర్పానా? నీ దగ్గర కొట్టేశానేమోనని ఇన్నాళ్లూ నాకు భయమేనే బాబూ. నువ్వేమనుకుంటున్నావు?"

"నేనేమనుకుంటున్నానో నాకే తెలీట్లేదురా!"

వాణ్ణి అడిగాక ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. తల పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. లోపల అమ్మ నేల తుడుస్తోంది. తుడుస్తూ తుడుస్తూ మూలకు వెళ్లి, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఎడమకాలు కిందనుంచి మెల్లగా జార్చి, అటు తిరిగి కూర్చుంది.

అచ్చం ఆ అడుగే! ఓరి నాయనో, అయితే అమ్మ దగ్గరే కొట్టేశానా?

"అమ్మా, అలా తిరగడం ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఎక్కడేంటే, నీ దగ్గరే. మూలమూలకీ లేచి కూర్చోలేక చస్తుంటే, నువ్వలా జారేదానివి కదా, నేనూ చేసి చూశా. హాయిగా ఉంది."

"చచ్చినా చూడనన్నావుగా!"

"మేడమీద కిటికీలోంచి చూసేదాన్ని. పడితే పరిగెత్తుకు రావద్దూ? చూస్తున్నానని తెలిస్తే ఇంకా ఎగురుతావని చెప్పలేదు."

"మరి బొంగరం?"

"వాడా? నిన్ను చూసి మొదలెట్టాడు పాపం. ఎన్నిసార్లు దబ్బున పడ్డాడో! నీకు గుర్తులేదూ?"

జారుడుబండకు గుర్తులేదు. సంతోషించాలో, ఇన్నేళ్లు దాచినందుకు అమ్మను తిట్టాలో తెలియలేదు. ఏడుపు మాత్రం వచ్చేసింది. వెనకే నిలబడిన కొడుకు అయోమయంగా ఇద్దరినీ చూశాడు.

"ఇంతకీ అది ఎవరిది అమ్మమ్మా?"

"మీ అమ్మదేరా. ఎవడన్నా కాదంటే నన్ను చూపించు. శనివారం నేనూ వస్తా, ఈసారి కిందే కూర్చుని చూస్తా" అంది ఆవిడ, గుడ్డ బకెట్లో పిండుతూ.